రెండు కెమెరాలతో సిక్కోలు

సంక్రాంతికి వారం ముందు మా మేనకోడలు అమ్మలు ఫోన్ చేసింది. "మావయ్యా, నా చిన్న కెమెరా అమ్మేసి, ఇంకో రెండేళ్లు డబ్బులు కూడబెట్టి నీ దగ్గరున్నలాంటిది కొనుక్కోనా?" ఫోన్లో తేల్చే మాట కాదది. "పండక్కి ఎలాగూ వస్తాను కదా, నాలుగు రోజులు తిరుగుదాం, చూసి చెప్తాను" అన్నాను.

నేను విశాఖలో పెళ్లిళ్లు తీస్తాను. నా చేతిలో ఉన్నది కెనాన్ ఆర్5. 2020లో వచ్చింది, 2024లో దాని రెండో తరం కూడా వచ్చింది, అయినా నా పనికి ఇప్పటికీ ఏ లోటూ లేదు. అమ్మలుది ఆర్50. 2023లో వచ్చిన మోడల్, కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం చేసింది. తొలి ఉద్యోగం జీతంలో నెలనెలా దాచి కొనుక్కుంది. విడుదలైనప్పటి బాడీ (లెన్స్ లేని కెమెరా) ధరలు చూస్తే రెండింటికీ అయిదు రెట్లకు పైనే తేడా. కానీ రెండింటిదీ ఒకటే ఆర్ఎఫ్ మౌంట్, అంటే లెన్స్ తగిలించే మూతి ఒకటే. నా లెన్స్ తన కెమెరాకి పడుతుంది, తనది నాదానికి పడుతుంది. నాలుగు రోజులూ మాకు ఇదే అక్కరకొచ్చింది.

మొదటి రోజు: అరసవల్లి, శాలిహుండం, కళింగపట్నం

కనుమ మర్నాడు పొద్దున్నే ఆమదాలవలసలో దిగి, అక్క ఇంట్లో స్నానం చేసి, ముందు అరసవల్లి వెళ్లాం. మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు వచ్చి స్వామి పాదాలు తాకే గుడి అది. దర్శనానికి కెమెరాలు సంచిలోనే ఉంచాం. శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్ల దగ్గర కాసేపు కూర్చుని, ఎండ కాస్త వాలాక శాలిహుండం కొండెక్కాం.

వంశధార ఒడ్డున ఉన్న ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం, సవరల కోసం అంత పని చేసిన మనిషి, ఈ కొండ మీద ఇటుకల్ని కూడా పట్టించుకున్నాడంటే నాకు ఎప్పుడూ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మెట్లెక్కేటప్పుడే మొదటి తేడా భుజానికి తెలిసింది. నా ఆర్5కి 24-105 ఎంఎం జూమ్ లెన్స్ తగిలిస్తే 1,438 గ్రాములు. తన ఆర్50, దాంతో వచ్చిన 18-45 లెన్స్ కలిపి 505 గ్రాములు. నేను కెమెరా సంచిలోంచి తీసేలోపు తను మెడలో ఉన్నదాంతో పది ఫోటోలు తీసేసింది. స్తూపాల ఇటుక వరసలు, కింద మెలికలు తిరిగిన వంశధార, ఆవలి ఒడ్డున పొలాలు. ఎండలో, ఐఎస్ఓ (వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100 దగ్గర, ఎఫ్8 (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఎక్కువ వెలుగు) పెట్టి తీసిన ఆ ఫోటోల్ని రాత్రి లాప్‌టాప్ మీద పక్కపక్కన పెడితే ఏది దేనిదో నేను చెప్పలేకపోయాను. వెలుగు బాగున్నచోట చిన్న కెమెరాకి ఏ చిన్నతనమూ లేదు.

కళింగపట్నం తీరానికి వచ్చేసరికి పరిస్థితి మారింది. తూర్పు తీరం కదా, పొద్దు మన వీపు వెనక దిగుతుంది. ఆ పసుపు వెలుగు ఎదురుగా అలల మీద, ఒడ్డుకి లాగిన పడవల మీద పడుతోంది. గాలి మాత్రం గట్టిగా ఉంది. అల విరిగినప్పుడల్లా సన్నటి ఉప్పుతుంపర మొహానికి కొడుతోంది. ఆర్5 బాడీ చట్రం మెగ్నీషియం మిశ్రమలోహంది, అతుకుల్లో తేమ, దుమ్ము చొరకుండా సీలింగు ఉంది. కెమెరా ఆఫ్ చేస్తే షట్టర్ తెర మూసుకునేలా పెట్టుకోవచ్చు, ఆ తరవాత లెన్స్ తీసుకోవచ్చు. ఆర్50కి ఆ సీలింగు లేదు, లెన్స్ తీస్తే సెన్సర్ (వెలుగుని ఫోటోగా పట్టే పలక) నేరుగా గాలికి కనిపిస్తుంది. "ఇక్కడ లెన్స్ మార్చకు, కెమెరాకి పాలిథిన్ కవరు తొడుగు, మూతి దగ్గర రబ్బరు బ్యాండు వెయ్యి" అన్నాను. కవరు తొడుక్కునే తీసింది. ఇంటికెళ్లగానే రెండు కెమెరాల్నీ తడిగుడ్డతోనూ, తరవాత పొడిగుడ్డతోనూ తుడిచాం. ఉప్పు ఎంత ఖరీదైనదాన్నయినా తింటుంది. సీలింగు ఉందని దాన్ని తుడవకుండా వదిలెయ్యకూడదు.

రాత్రి కార్డుల్లోంచి ఫోటోలు దింపుకుంటుంటే అమ్మలు అడిగింది, నీదాంట్లో రెండు కార్డులెందుకని. పన్నెండేళ్ల కిందట ఒక పెళ్లిలో నా కార్డు పాడైంది. అప్పటి నా కెమెరాకి కార్డు చోటు ఒక్కటే. తలంబ్రాల ఫోటోలు మొత్తం పోయాయి. పెళ్లికూతురి నాన్నగారి ఎదుట నిలబడి ఆ మాట చెప్పాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, కుర్చీలో అలా కూర్చుండిపోయారు. ఆ తరవాత రెండు కార్డుల్లోనూ ఒకేసారి రాసుకోని కెమెరాతో నేను పెళ్లికి వెళ్లలేదు. ఆర్5లో ఒక సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డు, ఒక ఎస్‌డీ కార్డు పడతాయి. ఆర్50లో ఒక్క ఎస్‌డీ. ఊళ్లు తిరిగి తీసుకునేవాళ్లకి అది చాలు, ప్రతి రాత్రీ దింపుకుంటే సరిపోతుంది. డబ్బు తీసుకుని ఇంకొకరి ముహూర్తం తీసేవాడికి మాత్రం చాలదు.

రెండో రోజు: పొందూరు

నాకు ఈ ప్రయాణమంతా ఒక ఎత్తు, పొందూరు ఒక ఎత్తు.

ఊళ్లోకి వెళ్లి, ఖద్దరు సంఘం దగ్గర అడిగి, నూలు వడికే ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాం. డెబ్బై దాటి ఉంటాయి. పెంకుటిల్లు, ఒక గుమ్మం, ఒక చిన్న కిటికీ. లోపల నడవలో కింద కూర్చుని వడుకుతోంది. పక్కన కొండపత్తి. పత్తిని శుభ్రం చేసేది వాలుగ చేప దవడ ఎముకతో. అరచేతిలో పెట్టి చూపించింది. సన్నని పళ్లు వరసలుగా, వేలు ఆనిస్తే గీరుకునేటంత వాడిగా ఉన్నాయి. పత్తి పోగుల్ని ఆ పళ్ల మీద దువ్వుతుంటే చెత్తంతా కింద రాలి, పోగులన్నీ ఒక్క దిక్కుకి తిరుగుతాయి. ఇనుప దువ్వెనలున్న కాలంలో ఇంకా చేప దవడ ఎందుకమ్మా అంటే, "ఇనువు పోగుని తెంపేస్తాది బాబూ, ఇది తెంపదు" అంది.

రాట్నం 24 ఆకుల చక్రం, ఒకటే కదురు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడంచేతిలో ఏకుని (దువ్విన పత్తి చుట్టని) వెనక్కి లాగుతుంటే గాల్లో దారం పుడుతోంది. పుడుతోందని తెలుసు గానీ కంటికి కనపడదు. ఆవిడ వడికే 100వ నంబరు నూలు అంటే ఒక పౌను బరువుకి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) వంద. ఆ లెక్కన కిలో నూలు విప్పుకుంటూ పోతే 169 కిలోమీటర్లు వస్తుంది, శ్రీకాకుళంలో మొదలుపెడితే విశాఖ దాటి పోతుంది. దారం మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు.

మేం కెమెరాలు తీస్తుంటే ఆవిడ అంది, "నా మొకం అందరూ తీస్తారు బాబూ. దారం కనపడతాదా అందులో?"

ఆ మాట విన్నాక మాకు ఇంక వేరే పని లేకపోయింది.

ముందు అమ్మలు తన 18-45 లెన్స్‌తో ప్రయత్నించింది. 45 దాకా జూమ్ చేస్తే ఆ లెన్స్ ఎఫ్6.3 కన్నా ఎక్కువ తెరుచుకోదు. నడవలో ఉన్న వెలుగుకి షట్టర్ 1/60 సెకనే తెరుచుకోవాలంటే ఐఎస్ఓ 12800కి పోయింది. ఫోటో నిండా ఇసక చల్లినట్టు నలుసులు. దారం ఆ నలుసుల్లో కలిసిపోయింది. అమ్మలు మొహం చిన్నబుచ్చుకుంది. నేను ఆర్5, 24-105 తీశాను. అది ఎఫ్4 కాబట్టి అదే 1/60కి ఐఎస్ఓ 5000 సరిపోయింది. పైగా ఆర్5 లోపల సెన్సరే కదులుతూ చేతి వణుకుని సరిదిద్దుతుంది. అందుకని 1/15కి దిగి, ఐఎస్ఓ 1250తో తీశాను. ఆవిడ మొహం నిలకడగా వచ్చింది, చక్రం ఆకులు తిరుగుతున్నట్టు చెదిరి అందంగా వచ్చాయి. కానీ దారం? చెయ్యి వెనక్కి కదులుతోంది కదా, దారమూ కదులుతోంది. కెమెరా ఎంత స్థిరంగా ఉన్నా కదిలే వస్తువు చెదరక మానదు. నా ఖరీదైన కెమెరాలో దారం లేదు.

అప్పుడు సంచిలోంచి 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ తీసి అమ్మలు కెమెరాకి తగిలించాను. 160 గ్రాములు, అరచేతిలో పట్టే లెన్స్, ఆర్ఎఫ్ లెన్సుల్లో చవకైనవాటిలో ఒకటి. ఎఫ్6.3కీ ఎఫ్1.8కీ తేడా ఏమిటంటే, రెండోది పన్నెండు రెట్లు వెలుగుని లోపలికి రానిస్తుంది. ఐఎస్ఓ 12800 కాస్తా 1000కి దిగిపోయింది. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే కొత్తగా కొనేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే పొరబడతారని నా నమ్మకం. ఆర్5 సెన్సర్ 36 బై 24 మిల్లీమీటర్లు, ఆర్50ది 22.3 బై 14.9. వైశాల్యంలో పెద్దది రెండున్నర రెట్ల పైచిలుకు. అంటే లక్షలు పోసి పెద్ద బాడీ కొంటే వెలుగు విషయంలో కలిసొచ్చేది రెండున్నర రెట్లు. చిన్న బాడీకే చవకైన ఒక మంచి లెన్స్ పెడితే కలిసొచ్చేది పన్నెండు రెట్లు.

ఇంకో చిక్కు వచ్చింది. ఈ కెమెరాలు మనిషి కనపడగానే కంటి మీదికి ఫోకస్ పట్టుకుంటాయి. రెండింటిలోనూ అదే డ్యుయల్ పిక్సెల్ పద్ధతి (సెన్సరే ఫోకస్ పట్టుకునేది), పట్టు వదలవు. మాకు కావలసింది కన్ను కాదు, దారం. కంటిని వెతకడం ఆపేసి, ఫోకస్ చుక్క ఒక్కటే ఉంచుకుని, తెరని పక్కకి తిప్పి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎడంచేతి వేళ్ల దగ్గర తెర మీద తాకమన్నాను. గుమ్మం వైపు నుంచి వెలుగు దారం వెనక పడేలా కాస్త జరిగింది. ఎఫ్1.8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు వేలెడే. అందుకని వెనకున్న గోడ, మొహం మెత్తగా కరిగిపోయాయి. ఆవిడ చెయ్యి వెనక్కి లాగి, ఇంక ముందుకి రాబోయే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. దారం బిగుసుకుని నిలబడేది ఆ క్షణంలోనే. మొదటి ఇరవై ఫోటోల్లో అమ్మలు ఆ క్షణాన్ని అందుకోలేకపోయింది. తరవాత రాట్నం చప్పుడుని బట్టి పట్టుకోవడం నేర్చుకుంది.

నడవలో ఉన్న ఎల్ఈడీ బల్బు వల్ల చప్పుడులేని షట్టర్‌తో తీసినవాటిలో అడ్డగీతలు పడ్డాయి. బల్బు ఆపమని అడిగి ఆపించాం. వెలుగు ఇంకా తగ్గినా గీతలు పోయాయి.

ఇంకొకటి కూడా గమనించాను. నేను పెద్ద లెన్స్ ఎత్తినప్పుడల్లా ఆవిడ మెడ నిటారుగా పెట్టి బిగుసుకుపోయేది. అమ్మలు ఒళ్లో ఉన్న కెమెరాని మాత్రం అసలు పట్టించుకోలేదు. అమ్మలుతో మాట్లాడుతూనే వడికింది, పెళ్లెప్పుడని అడిగింది, ఏకు దాచుకునే ఎండిన అరటి దొప్పని విప్పి చూపించింది. ఒక మంచి ఫోటోకి ఇదెంత అవసరమో, ఏ కెమెరా పెట్టె మీదా రాసి ఉండదు.

"ప్రింటు తెచ్చిస్తాం పెద్దమ్మా" అని మాటిచ్చి లేచాం.

మూడో రోజు: తేలినీలాపురం

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి జాతీయ రహదారి మీద టెక్కలి వైపు. నౌపడ ఉప్పు మడుల మీద ఇంకా మంచు ఉంది. తేలినీలాపురం చేరేసరికి చెట్ల మీద రెక్కల చప్పుడు మొదలైంది.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరే లోపు వెళ్లిపోయే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఇక్కడివి. ఊళ్లో అందరూ సైబీరియా పక్షులంటారు. నిజానికి ఈ రెండు జాతులూ మన దక్షిణాసియావే. ఎక్కడివైతేనేం, ఊరు వాటిని చూసుకునే తీరు గొప్పది. బడ్డీ దగ్గర టీ తాగుతున్న ఒక పెద్దాయన, "మా ఆడపిల్లలు పురిటికొచ్చినట్టే బాబూ, ఒచ్చినన్నాళ్లూ గట్టిగా అరవం" అన్నాడు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఈ ప్రాంతంలో చెట్లని ఎలా విరిచేసిందో కూడా ఆయనే చెప్పాడు. ఆ యేడు కొబ్బరితోటలు, జీడితోటలు నేలకి ఒరిగిన దృశ్యం ఉద్దానంలో నేను కళ్లారా చూశాను. అందుకే ఈ చెట్ల మీద మళ్లీ గూళ్లు చూస్తుంటే గొంతు పట్టేసింది.

నా దగ్గరున్న 100-400 లెన్స్ ఒక్కటే. 635 గ్రాములు, ఎఫ్5.6-8ది. అరగంట తన కెమెరాకి, అరగంట నాదానికి. నేను పెళ్లిళ్లవాణ్ణి, పక్షులు నాకు అలవాటైన పని కాదు. అందుకని ఇక్కడ తేలిన సంగతి నన్నే ఆశ్చర్యపరిచింది.

400 దగ్గర ఆర్50లోంచి చూస్తే సెన్సర్ చిన్నది కాబట్టి 640 ఎంఎం లెన్స్‌తో చూసినంత దగ్గరగా కనపడుతుంది. ఆ చట్రంలో 24 మెగాపిక్సెళ్లు. ఆర్5ది 45 మెగాపిక్సెళ్లే గానీ, అంతే దగ్గరగా కనపడేలా కత్తిరిస్తే మిగిలేది 17. అంటే లెన్స్ ఇంక సాగనంత దూరంలో ఉన్న పక్షి మీద చిన్న కెమెరాయే ఎక్కువ చుక్కలు పెడుతుంది. గూటి మీద గూడబాతు పిల్ల తలంతా తల్లి దవడ కింది సంచిలోకి దూర్చేసి మేత తింటోంది. తల్లి మెడ ఆ తోపుకి ఊగిపోతోంది. అమ్మలు ఆ సంచి చర్మం మీది నరాలు కూడా కనపడేలా తీసింది. అదే చోట నేను తీసినది కత్తిరించాక తనదానికి తీసికట్టే.

ఎగిరే పక్షి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ తిరగబడింది. పుల్ల నోట కరుచుకుని ఒక కొంగ పొలాల మీంచి వస్తోంది. ఎదురుగా వెలుగు ఆకాశం, ఒక్క క్షణంలో వెనక చీకటి చెట్టు. ఆర్5లో నా చూపుడువేలికి ఒక చక్రం, బొటనవేలికి ఇంకోటి. కన్ను తియ్యకుండానే షట్టర్ ఒకదాంతో, ఐఎస్ఓ ఒకదాంతో సర్దుకున్నాను. ఆర్50కి ఉన్నది ఒక్కటే చక్రం. రెండో పని చెయ్యాలంటే మధ్యలో బటన్ నొక్కాలి, అంతలో కొంగ చెట్టు మీద వాలిపోయింది. రా ఫైళ్లు (సెన్సర్ పట్టిందంతా దాచే పెద్ద ఫైళ్లు) వరసగా తీస్తే కాసేపటికే ఆర్50 నింపాదిగా కార్డులోకి రాసుకుంటూ కూర్చుంటుంది. ఆర్5 సెకనుకి 12 చొప్పున, మెకానికల్ షట్టర్‌తోనే, నేను వేలు ఎత్తేవరకూ తీసింది. వ్యూఫైండర్ కూడా 57.6 లక్షల చుక్కలది ఎక్కడ, 23.6 లక్షలది ఎక్కడ. రెక్క కొసన ఈకలు విప్పుకోవడం నేను చూస్తూ తీశాను. అమ్మలు ఊహించి తీసింది.

తిరుగు దారిలో టెక్కలిలో ఇడ్లీ తింటూ తనకి నా మాట చెప్పాను. "కెమెరా అమ్మకు. రెండేళ్లు ఆగకు. ముందు 50 కొనుక్కో, వచ్చే యేడు ఈ 100-400 కొనుక్కో. రేపు నువ్వు ఎప్పుడైనా పెద్ద బాడీ కొన్నా ఇవే దానికి పడతాయి. నువ్వు జనం పెళ్లిళ్లు తీసే రోజు వస్తే, ఆ రోజు మొదటి బయానా చేతిలో పడకముందే రెండు కార్డుల కెమెరా కొను, అప్పు చేసైనా సరే." తను వెంటనే ఒప్పుకోలేదు. "కానీ మావయ్యా, ఆ వ్యూఫైండర్..." అంది. నిజమే, ఒకసారి అందులోంచి చూసినవాళ్లకి మనసు లాగుతుంది. లాగదని నేను ఎలా అంటాను?

నాలుగో రోజు: ముఖలింగం

వంశధార ఒడ్డున తూర్పు గంగరాజుల కాలపు గుళ్లు మూడు: మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. దాని మొదలే లింగమైందని స్థలపురాణం. గిడుగువారు పుట్టిన పర్వతాలపేట ఇక్కడికి దగ్గరే.

ఈ రోజు కెమెరాలు మార్చుకున్నాం. తనకి ఆర్5 ఇచ్చేసి నేను ఆర్50 పట్టుకున్నాను. పొద్దుటి వెలుగు పక్కనుంచి పడితేనే రాతిలో చెక్కడం లేచి నిలబడుతుంది. నడినెత్తికి వస్తే అంతా చదునైపోతుంది. తొమ్మిదింటి లోపల గుమ్మాల లతలు, గోడల మీది బొమ్మలు తీసుకున్నాం. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఆర్50 ఫోటో 20 బై 13 అంగుళాలకి అచ్చవుతుంది, ఆర్5ది 27 బై 18కి. ఇంట్లో గోడకి ఎవరు పెట్టుకున్నా మొదటిదే ఎక్కువ. ఉలి దెబ్బ ఒక్కొక్కటీ లెక్కపెట్టాలనుకునేవాళ్లకి రెండోది కావాలి.

పదిన్నరకి అమ్మలు వచ్చి ఆర్5 నా చేతిలో పెట్టి, మెడ రుద్దుకుంటూ తన కెమెరా తను తీసుకుంది. ఏమీ అనలేదు. మిగతా పొద్దంతా దాంతోనే సోమేశ్వరుడి చుట్టూ తిరిగింది.

అయిదో రోజు పొద్దున

విశాఖకి మధ్యాహ్నం బండి. ముందురోజు సాయంత్రం శ్రీకాకుళంలో ఒక స్టూడియోలో దారం ఫోటోని 12 బై 8 సైజులో వేయించాం. ఇద్దరం మళ్లీ పొందూరు వెళ్లాం.

పెద్దావిడ రాట్నం ఆపి, కొంగుతో చేతులు తుడుచుకుని, ప్రింటు తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఫోటోలో తన మొహం ఉన్నవైపు చూడనేలేదు. ప్రింటుని దగ్గరికి పెట్టుకుని, కళ్లు చికిలించి, వేళ్ల దగ్గర్నుంచి కదురు దాకా ఆ తెల్లని గీత వెంట గోటితో మెల్లగా వెళ్లింది. మధ్యలో ఒకచోట ఆగింది.

"ఇక్కడ కొంచెం లావు పడింది సూడు" అంది అమ్మలుతో. "ఆ యేళ మాటల్లో పడిపోనాను."